మన గట్టు రోడ్ల మీద ఎఫ్30: 19 అంగుళాల అలాయ్‌లు, లోయరింగ్ స్ప్రింగులు వేయొచ్చా?

పాలకొల్లు_320డీ · నవంబరు 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారమండి. ఆగస్టులో 2014 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ (ఎఫ్30 అనేది ఈ తరం 3 సిరీస్ పేరు) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 78,000 కి.మీ. తిరిగింది. చిన్నప్పటి కోరిక. ఇంజిను, గేర్‌బాక్స్ చాలా బాగున్నాయి. కంపెనీ 17 అంగుళాల చక్రాలు, 225/50 రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) ఉన్నాయి, అవి పూర్తిగా అరిగిపోయాయి. ఎలాగూ టైర్లు మార్చాలి కాబట్టి ఒకేసారి కారు రూపం కూడా మారుద్దామని ఆశ.

అనుకుంటున్నది: 19 అంగుళాల అలాయ్‌లు, 8.5జే వెడల్పు, ఈటీ35, టైరు 225/40. దాంతో పాటు 30 మి.మీ. దించే స్ప్రింగులు. షాకబ్జర్లు పాతవే ఉంచుదామనుకుంటున్నా.

రోజూ పాలకొల్లు–భీమవరం తిరుగుతాను. వారానికోసారి చించినాడ వంతెన దాటి మలికిపురం, అత్తారింటికి. అప్పుడప్పుడూ నర్సాపురంలో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కించి అంతర్వేది. ఈ రోడ్ల మీద ఇలాంటి సెటప్ వాడినవాళ్లు చెప్తే వింటాను.

ఉండి_ఆక్వా · నవంబరు 9, రాత్రి 10:40

కారు కొన్నందుకు శుభాకాంక్షలు అండి. డబ్బులు కట్టేముందు ఒక పని చేయండి. ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టి, ఢిక్కీలో మామూలుగా వేసే సామాను వేసి, కింద టేపు పెట్టి కొలవండి. ఖాళీ కారు కొలత మనకి అక్కర్లేదు.

తణుకు_టార్క్ · నవంబరు 10, ఉదయం 6:55

తమ్ముడూ, ముందు చక్రం లెక్క చూద్దాం. ఈటీ అంటే చక్రం మధ్య గీత నుంచి హబ్‌కి (కారుకి చక్రం బిగించే భాగానికి) ఆనే ముఖం ఎంత బయటికి ఉందో ఆ దూరం. మీ కంపెనీ చక్రం 7.5జే, ఈటీ37. 7.5 అంగుళాలంటే 190.5 మి.మీ., అందులో సగం 95. దీంట్లోంచి 37 తీసేస్తే హబ్ ముఖం నుంచి బయటికి 58 మి.మీ., 37 కలిపితే లోపలికి 132.

మీరనుకున్న 8.5జే ఈటీ35 కి బయటికి 73, లోపలికి 143 వస్తుంది. అంటే రిమ్ము అంచు మడ్‌గార్డు వైపు 15 మి.మీ. జరుగుతుంది, షాకబ్జర్ వైపు 11 మి.మీ. జరుగుతుంది. చదును రోడ్డు మీద ఇది తెలియదు. 30 మి.మీ. దించిన కారులో నలుగురు ఎక్కి, స్టీరింగ్ సగం తిప్పి ఉండగా గుంటలో పడినప్పుడు తెలుస్తుంది. లోపలి ప్లాస్టిక్ లైనర్ ముందు అరుగుతుంది, తర్వాత టైరు భుజం కోసుకుపోతుంది.

ఇక టైరు గోడ ఎత్తు. 225/50 అంటే 225 మి.మీ. వెడల్పులో 50 శాతం, 112 మి.మీ. 225/45 అయితే 101. 225/40 అయితే 90. మన రోడ్డు మీద గుంటకీ రిమ్ముకీ మధ్య ఉండేది ఆ గోడ ఒక్కటే. మీరు 22 మి.మీ. వదులుకోవడానికి సిద్ధపడుతున్నారు. మొత్తం వ్యాసం మాత్రం పెద్దగా మారదు, 657 నుంచి 663 మి.మీ. అవుతుంది, స్పీడోమీటరుకి ఇబ్బంది లేదు.

షాకబ్జర్ల మాట తర్వాత రాస్తాను. ఆ భాగమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

అమలాపురం_స్టాన్స్ · నవంబరు 10, ఉదయం 9:20

అన్నా, నేను ఆడీ ఏ4 (బీ8) ని మూడేళ్లుగా కాయిల్ ఓవర్ల (మర తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకు సెట్) మీద, 19 చక్రాలతో అమలాపురంలో నడుపుతున్నా. భయపడాల్సినంత ఏమీ లేదు. కానీ నేను నడిపే తీరు వేరు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దాదాపు ఆగి, ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కిస్తాను. ముమ్మిడివరం వెళ్లాలన్నా 216 హైవే మీదే వెళ్తాను, ఊళ్ల మధ్య అడ్డదారి తీసుకోను. ఆ కారు అలా నిలబడి ఉంటే చూడటం నాకు ఇష్టం, దానికోసం టైము ఇస్తున్నాను. మీకు అంత ఓపిక ఉంటే తప్పకుండా చేయించండి.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. ఎవరో ఆడీ నుంచి తీసిన బోల్టులు మీకు అంటగడతారు. ఆడీ కంపెనీ బోల్టు తల కింద గుండ్రంగా, గోళీలా ఉంటుంది. బీఎండబ్ల్యూది కోనులా ఉంటుంది. మర కూడా వేరు. మీ ఎఫ్30 కి ఎమ్14×1.25, మాది ఎమ్14×1.5. బోల్టు తల ఆనే సీటు గుండ్రంగా ఉన్న రంధ్రంలో కోను బోల్టు వేస్తే ఒక చిన్న వలయం మీదే ఆనుతుంది, నడుస్తూ నడుస్తూ వదులైపోతుంది. రిమ్ము కొనేటప్పుడు సీటు ఏ ఆకారమో అడిగి, దానికి సరిపోయే బోల్టులే తీసుకోండి.

గట్టురోడ్డు · నవంబరు 10, మధ్యాహ్నం 1:05

మా ఊరు ఆకివీడు దగ్గర. మన డెల్టా రోడ్డు వేరే చోట్ల రోడ్డులా పాడవదు. కింద నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. పైన తారు బాగానే కనిపిస్తుంది, కానీ రోడ్డు అలలా ఉంటుంది. 70 మీద వెళ్తుంటే కారు ముక్కు లేచి పడుతూనే ఉంటుంది. కాలువ వైపు అంచు జారిపోయి రోడ్డు ఒక పక్కకి వాలిపోతుంది. దానికి తోడు దాళ్వా (రెండో పంట) దమ్ములప్పుడు ట్రాక్టర్లు ఇనుప చక్రాలు విప్పకుండానే తారు మీదకొస్తాయి, ఆ గాట్లు వరసగా పడి ఉంటాయి.

నాకు జరిగింది చెప్తాను. నా మెర్సిడెస్ సీ క్లాస్‌కి 19 అంగుళాల కాపీ రిమ్ములు కొన్నాను. పేరున్న డిజైనే, వెనక వైపు ఏ ముద్రా లేదు. నవంబరులో ధాన్యం రోడ్డు మీద ఆరబోసి, బరకం చివర్లకి రాళ్లు పెట్టారు. రాత్రి ఎదురుగా లారీ లైట్లు. పక్కకి తీశాను, ముందు ఎడమ చక్రం రాయి ఎక్కి దిగింది. శబ్దం పెద్దగా రాలేదు. తెల్లారి చూస్తే టైరులో గాలి లేదు. పంక్చరు షాపులో నీళ్ల తొట్లో ముంచితే టైరులోంచి కాదు, రిమ్ములోంచి బుడగలు. లోపలి అంచు నుంచి మధ్యకి వెంట్రుకంత చీలిక, వేలు పొడవున. వేలితో తడిమితే గోరుకి తగులుతోంది, కంటికి దాదాపు కనబడదు. వెల్డింగ్ చేయిస్తానన్నాడు షాపతను. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఆడపిల్లలు ఎక్కే కారు.

ఇప్పుడు రిమ్ము తిప్పి చూడకుండా కొనను. వెనక జేడబ్ల్యూఎల్ (అలాయ్ చక్రాల జపాన్ ప్రమాణం) ముద్ర, ఒక్కో చక్రం మోయగల బరువు కిలోల్లో పోత పోసి ఉండాలి.

పాలకొల్లు_320డీ · నవంబరు 12, రాత్రి 9:48

అందరికీ చాలా థాంక్స్ అండి. ఉండి గారు చెప్పినట్టే కొలిచాను. నేనొక్కడినే ఉంటే కారు పొట్ట కింద 142 మి.మీ. అమ్మా నాన్నా, మా ఆవిడ, పిల్లాడు ఎక్కి, ఢిక్కీలో కొబ్బరికాయల బస్తా వేస్తే 118. 30 దించితే 88.

టేపు చేతిలో ఉంది కదా అని మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ కూడా కొలిచాను. ఎత్తు 12 సెం.మీ., వెడల్పు 60 సెం.మీ. అంతే. ఫుల్ లోడుతో ఇప్పటికే గీసుకుంటోందని ఇవాళ అర్థమైంది.

తణుకు_టార్క్ · నవంబరు 12, రాత్రి 10:30

మంచి పని చేశారు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. మీ కారు వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2.81 మీటర్లు. అంటే సరైన బ్రేకర్ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీదే ఉంటాయి, పొట్ట కింద అది చక్రాల కన్నా 6 సెం.మీ. మాత్రమే పైకి వస్తుంది. మీ వీధిలోది రెండు చక్రాల మధ్య పూర్తిగా దూరిపోతుంది, కాబట్టి 12 కి 12 పొట్టకే వస్తుంది. మనవి ఎక్కువ శాతం ఈ రకమే.

వశిష్ఠ_రేవు · నవంబరు 13, ఉదయం 7:15

పంటు గురించి ఎవరూ చెప్పలేదు. మాది సఖినేటిపల్లి, వారానికి రెండుసార్లు దాటుతాను. రేవులో కారు ఎక్కేటప్పుడు ఎంత వాలు ఉంటుందనేది గోదారి పోటు మీద ఉందో పాటు మీద ఉందో దాన్ని బట్టి ఉంటుంది. పోటు మీద పంటు ఎత్తుగా ఉంటుంది, పలక దాదాపు సమంగా ఉంటుంది. పాటు మీద పంటు కిందకి దిగిపోతుంది, ముందు బంపరు పలకకి తగులుతుంది, చివర్లో పొట్ట ఆనుతుంది. మామూలు సెడాన్లు కూడా గీసుకోవడం చూశాను. దించిన కారుతో పాటు మీద అయితే ఎక్కించకండి, చించినాడ మీదుగా తిరిగి వెళ్లండి.

ఇంకోటి. రేవు దగ్గర ఉప్పు నీరు. ఆకివీడు, భీమవరం వైపు చేపల లారీల నుంచి కారే నీళ్లూ అంతే. కాయిల్ ఓవర్ మరలు ఏడాదిలో పట్టేస్తాయి, తర్వాత ఎత్తు మార్చాలన్నా తిరగవు.

అమలాపురం_స్టాన్స్ · నవంబరు 13, ఉదయం 8:02

రేవు గారు చెప్పింది నిజం. నా మొదటి సెట్ అలాగే పట్టేసింది. ఇప్పుడు కేడబ్ల్యూ కంపెనీ స్టెయిన్‌లెస్ స్టీలువి వాడుతున్నా, ప్రతి నెలా మంచినీళ్లతో కడిగి బ్రష్ పెడతాను.

బెంగళూరు_గోదారోడు · నవంబరు 13, రాత్రి 11:10

ఊరు రాజోలు, ఉద్యోగం ఇక్కడ. చట్టం వైపు కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి, కంపెనీ మొదట ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) లో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి.

కంపెనీయే ఆ మోడల్‌కి ఇచ్చిన చక్రం సైజుల్లో ఉంటే మనకి టెన్షన్ తక్కువ. ఏది వేసినా ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి, బిల్లులు దాచండి. యాక్సిడెంట్ అయ్యాక సర్వేయరు చక్రాల వైపే మొదట చూస్తాడు.

తణుకు_టార్క్ · నవంబరు 14, ఉదయం 6:40

ఇప్పుడు షాకబ్జర్ల మాట. 78,000 తిరిగిన పాత షాకుల మీద గట్టి, పొట్టి స్ప్రింగు వేయడం అంటే ముసలాయనకి ఇంకో బస్తా ఎత్తడమే. స్ప్రింగు బరువు మోస్తుంది. గుంట తర్వాత ఆ స్ప్రింగు ఊగకుండా ఆపేది షాకు. 30 మి.మీ. దించితే కిందకి ఉన్న ప్రయాణం 30 మి.మీ. తగ్గుతుంది, బంప్ స్టాప్‌కి (చివర్లో ఆపే రబ్బరు దిమ్మకి) ముందే తగులుతుంది. గట్టురోడ్డు తమ్ముడు చెప్పిన అలల రోడ్డు మీద ఇది వరసగా జరుగుతుంది, ఆ దెబ్బ నేరుగా బాడీకి వెళ్తుంది.

నా మాట వింటే స్ప్రింగులు కంపెనీవే ఉంచండి. షాకులు నాలుగూ మార్చండి. బిల్‌స్టీన్ తీసుకుంటే బీ4 కంపెనీ మెత్తదనం ఉన్నది, బీ6 అదే ఎత్తులో గట్టి పట్టు ఉన్నది. బీ8 దించిన స్ప్రింగులకి చేసిన పొట్టిది, అది మీకు వద్దు.

చక్రం 18 చాలు. 8జే, ఈటీ34, 225/45. ఇది ఎఫ్30 కి కంపెనీ వాడిన సైజే. బయటికి 9 మి.మీ. వస్తుంది, కంటికి తేడా బాగా తెలుస్తుంది, లోపలికి 3 మాత్రమే. టైరు కొనేటప్పుడు లోడ్ నంబరు 95 చూడండి, అంటే 690 కిలోలు. అదే సైజులో 91 కూడా దొరుకుతుంది, అది 615 కిలోలే. మీ పాత 17 మీద ఉన్నది 94, 670 కిలోలు. కొబ్బరికాయల బస్తా మోసేది వెనక చక్రాలు, అక్కడ తగ్గకూడదు.

అమలాపురం_స్టాన్స్ · నవంబరు 14, ఉదయం 9:15

టార్క్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ 15 మి.మీ. దించితే ఏం నష్టం? ఆ కారుకి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ మరీ ఎక్కువ. అందంగా కావాలనే కదా ఆయన ఈ చర్చ మొదలుపెట్టింది.

తణుకు_టార్క్ · నవంబరు 14, ఉదయం 9:50

నీ కారుకైతే నేనేమీ అనను, నువ్వు దాన్ని పసిపిల్లలా చూసుకుంటున్నావు. ఆయన 118 దగ్గర ఉన్నాడు. 15 తీస్తే 103. వీధి చివర్లో 120 కూర్చుని ఉంది. నాన్నగారు కూర్చున్న ప్రతిసారీ ఛాంబర్ (ఇంజిను కింది ఆయిల్ తొట్టి) మీద భయం పెట్టుకుని నడపడం ఎందుకు?

పాలకొల్లు_320డీ · నవంబరు 15, రాత్రి 10:05

రెండు రోజులు ఆలోచించాను. 19 ఫొటో ఫోన్లో అలాగే ఉంది, మనసు లాగుతోంది. కానీ మా నాన్నకి నడుం నొప్పి, ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ ఈ కారులోనే. 18, బీ6, కంపెనీ స్ప్రింగులు. నిర్ణయం అయిపోయింది.

పాలకొల్లు_320డీ · డిసెంబరు 11, రాత్రి 8:30

చక్రాలు పడ్డాయండి. ఫొటోలు కింద పెట్టాను. నల్ల బూడిద రంగు, పౌడర్ కోటింగ్. ఇంటికొచ్చాక అరగంట చుట్టూ తిరిగి చూశాను.

కానీ 85 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. 110 దాటితే తగ్గుతోంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, అలాగే ఉంది. మంచి టైర్లు తీసుకుని ఇలా అవడం చాలా బాధగా ఉంది.

ఉండి_ఆక్వా · డిసెంబరు 11, రాత్రి 8:44

రిమ్ము మధ్య రంధ్రం ఎంత? ఎఫ్30 హబ్ 72.6 మి.మీ.

పాలకొల్లు_320డీ · డిసెంబరు 12, ఉదయం 7:30

వెర్నియర్ పెట్టి చూశాను. 74.1. ఆ ఖాళీ పూడ్చే రింగులు ఇవ్వలేదు, అడగాలని నాకూ తెలియదు.

తణుకు_టార్క్ · డిసెంబరు 12, ఉదయం 7:52

అదే. చక్రం హబ్ మీద ఆనకుండా బోల్టుల మీదే వేలాడుతోంది, ప్రతిసారీ ఒక పక్కకి కాస్త జరిగి బిగుసుకుంటోంది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద చక్రం సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడ తప్పు కనబడదు.

74.1 నుంచి 72.6 కి అల్యూమినియం రింగులు తెప్పించండి. హబ్ ముఖం మీద తుప్పుని వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకండి. చక్రం గాల్లో ఉండగానే ఐదు బోల్టులూ చేత్తో తిప్పి, నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి బిగించండి. కిందకి దించాక టార్క్ రెంచ్‌తో 140 న్యూటన్ మీటర్లు. గాలి గన్‌తో బిగించనివ్వద్దు. 100 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి.

పాలకొల్లు_320డీ · డిసెంబరు 19, రాత్రి 9:15

రింగులు వేశాను. రావులపాలెం నుంచి తణుకు దాకా 16వ నంబరు హైవే మీద వెళ్లాను. సిద్ధాంతం వంతెన దాటాక వందలో స్టీరింగ్ మీద రెండు వేళ్లు పెట్టి చూశాను. వణుకు లేదు.

మర్నాడు షాకులు మార్పించాను. పాత వెనక ఎడమది నూనె కారి, దుమ్ము పట్టి నల్లటి ముద్దలా ఉంది. చేత్తో నొక్కితే దిగింది, తిరిగి పైకి రాలేదు. ఆ షాకుల మీద కొత్త స్ప్రింగులు వేయబోయానంటే ఇప్పుడు భయమేస్తోంది.

తణుకు_టార్క్ · డిసెంబరు 19, రాత్రి 9:40

బుష్షుల (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బర్ల) బోల్టులు ఎప్పుడు బిగించారు? కారు జాకీ మీద వేలాడుతుండగానా, చక్రాలు నేల మీద ఉండగానా?

పాలకొల్లు_320డీ · డిసెంబరు 19, రాత్రి 10:02

లిఫ్టు మీద వేలాడుతుండగానే బిగించాడండి.

తణుకు_టార్క్ · డిసెంబరు 19, రాత్రి 10:20

వదులు చేసి మళ్లీ బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే ఆ రబ్బరుకి అదే మామూలు స్థితి అవుతుంది. కారు నేల మీదకి రాగానే రబ్బరు మెలిపడి ఉంటుంది, ఎప్పుడూ అలాగే. ఎత్తు ఒక పిసరు ఎక్కువ చూపిస్తుంది, ఆర్నెల్లలో చిరుగుతుంది.

ఈ90 (మీ ఎఫ్30 కి ముందు తరం) కాలంలో బీఎండబ్ల్యూ అలైన్‌మెంట్‌కి ముందు సీట్లలో 68 కిలోల చొప్పున, వెనక సీటు మధ్యలో 68, ఢిక్కీలో 21 కిలోలు పెట్టేవాళ్లు. మీ కారుకి అలాగే చేస్తే తప్పులేదు. ముందు క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మార్చే వీలు ఈ కారులో ఉండదు, టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే. వెనక రెండూ సరిచేయొచ్చు. రిపోర్టు కాగితం అడిగి తెచ్చుకోండి.

పాలకొల్లు_320డీ · డిసెంబరు 23, సాయంత్రం 6:10

మిల్లు నుంచి 25 కిలోల బియ్యం బస్తాలు తొమ్మిది పట్టుకెళ్లాను. సీటుకి రెండున్నర పైచిలుకు చొప్పున అయింది, రెండు బస్తాలు మూడు సంచుల్లో పోసి సర్దాం, ఢిక్కీలో ఒకటి. అలైన్‌మెంట్ కుర్రాడు మొదట వింతగా చూశాడు, తర్వాత ఆసక్తిగా తనే బస్తాలు మోశాడు. బోల్టులు నేల మీద బిగించాం. వెనక కుడి టో బయటికి ఉంది, సరిచేశాడు. స్టీరింగ్ ఇప్పుడు సూటిగా ఉంది.

పాలకొల్లు_320డీ · జనవరి 17, రాత్రి 8:55

పండగ అయింది, కారు ఐదు రోజుల్లో 640 కి.మీ. తిరిగింది. భీమవరం రోడ్డులో ఇనుప చక్రాల గాట్ల మీద నాలుగు చక్రాలూ గాట్లని లెక్కపెట్టినట్టు టకటకమంటాయి. కానీ ఒక్క ఊపుతో ఆగిపోతుంది, పాతలా మూడుసార్లు లేవదు. తక్కువ స్పీడులో కాస్త గట్టిగానే ఉంది, అది దాచను. నాన్న వెనక సీట్లో చించినాడ దాకా నిద్రపోయారు. కనుమ నాడు పంటు ఎక్కించాం, రేవు గారు చెప్పినట్టు పోటు చూసుకుని వెళ్లాను. దేనికీ తగల్లేదు. రన్‌ఫ్లాట్లు కావు కాబట్టి ఢిక్కీలో పంక్చరు కిట్, గాలి కొట్టే మెషీన్ పెట్టుకున్నాను.

అమలాపురం_స్టాన్స్ · జనవరి 17, రాత్రి 9:20

ఫొటో చూశాను అన్నా. 18 ఆ రంగులో చాలా బాగా కుదిరింది. అమలాపురం వస్తే కలవండి, రెండు కార్లూ పక్కపక్కన పెట్టి ఫొటో తీద్దాం.

కైకలూరు_సూపర్బ్ · జనవరి 20, ఉదయం 11:30

చర్చ మొత్తం చదివానండి. ఇవే రిమ్ములు నా స్కోడా సూపర్బ్‌కి వేయొచ్చా?

తణుకు_టార్క్ · జనవరి 20, మధ్యాహ్నం 12:15

పట్టవండి. ఇవి 5×120 (ఐదు బోల్టులు, వాటి వలయం వ్యాసం 120 మి.మీ.), మీది 5×112. మీ హబ్ 57.1 మి.మీ. మీ పాత రిమ్ము ఒకటి విప్పి వెనక వైపు ఫొటో, ఒక బోల్టు ఫొటో పెట్టండి. జేలో వెడల్పు, ఈటీ నంబరు అక్కడే పోత పోసి ఉంటాయి. అక్కడి నుంచి చూద్దాం.